వార్డును మరచిపోయి రావాలా?

గత నెలలో కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థుల కోసం పెట్టిన ఒక సమావేశానికి వెళ్ళాను. ఆరోగ్య, సంరక్షణ రంగాల్లో పీహెచ్‌డీ చేయడానికి వచ్చినవాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది నర్సులు, ఇద్దరు ఫిజియోథెరపిస్టులు, ఒక సోషల్ వర్కర్, వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేసే ఒకావిడ. ప్రశ్నలు అడగమన్నప్పుడు ఆవిడే ముందు లేచారు. "పదమూడేళ్ళుగా ఇదే పనిలో ఉన్నానండీ. చూసినవి చాలా ఉన్నాయి. వాటిని నా పరిశోధనలో ఎక్కడ పెట్టుకోవాలి?"

వేదిక మీదున్న సీనియర్ ప్రొఫెసర్ ఆప్యాయంగానే చెప్పారు. "ముందు అవన్నీ మరచిపోండమ్మా. తెల్లకాగితంలా మొదలుపెట్టండి. లేకపోతే మీ అనుభవమే మీ డేటాను పాడుచేస్తుంది."

ఆవిడ సరేనని కూర్చున్నారు. పెన్నుకు మూత పెట్టేశారు. ఆ తర్వాత గంటసేపు ఏమీ రాసుకోలేదు.

నేను ఆవిడ వెనక వరసలోనే ఉన్నాను. అప్పుడే లేచి మాట్లాడాల్సింది, మాట్లాడలేదు. ఎందుకంటే ఆయన చెప్పిన ప్రమాదం నిజమైనదే. నేను స్వయంగా అందులో పడి లేచాను. కానీ దానికి ఆయన చెప్పిన మందు తప్పని నా నమ్మకం. రోగుల పక్కన ఏళ్ళ తరబడి పనిచేసి పరిశోధనకు వచ్చిన మనిషి ఆ ఏళ్ళను దాచిపెట్టకూడదు, మరచిపోయినట్టు ఉండకూడదు. వాటిని కాగితం మీద పెట్టి, అందరి కళ్ళముందూ పరీక్షకు నిలబెట్టాలి. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఇందులో వచ్చే మనుషుల వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.

"అవగాహన లోపం"

మంచాన పడ్డవాళ్ళను ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు మేం చెప్పే జాగ్రత్తలు ఇంటికెళ్ళాక ఏమవుతాయి? ఇదీ నా పరిశోధన. పీహెచ్‌డీకి ముందు పదకొండేళ్ళు నర్సుగా వార్డులో చేశాను. డిశ్చార్జి రోజున ఇంటివాళ్ళతో "రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి" అని ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. కొన్ని వారాలకు అదే మనిషి నడుము కింద బెడ్‌సోర్‌తో, అంటే ఒకేచోట ఒత్తిడి పడి ఏర్పడే పుండుతో, తిరిగొచ్చేవారు. పుండు కడుగుతూ, అంత చెప్పినా వినలేదే అనుకునేవాళ్ళం.

నా మొదటి ప్రపోజల్‌లో "కుటుంబ సభ్యుల అవగాహన లోపం" అన్న మాట నాలుగుచోట్ల ఉంది. అది నా ఊహ అని నాకు తోచనే లేదు. తెలిసిన విషయమే రాస్తున్నాననుకున్నాను.

మూడో ఇంటర్వ్యూ, పక్షవాతం వచ్చిన భర్తను చూసుకుంటున్న ఒక నడివయసు ఆవిడతో. మాటల మధ్యలో "రాత్రిళ్ళు మాత్రం తిప్పనండీ" అన్నారు. నేను వెంటనే "అవును, ఒక్కరే కదా, మీకు నిద్ర కూడా ఉండదు" అన్నాను. ఆవిడ "అవునండీ" అన్నారు. తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాం. ఆవిడ నాతో మనసు విప్పి మాట్లాడారని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను కూడా.

ట్రాన్‌స్క్రిప్ట్ చదివిన మా గైడ్ ఆ చోట పెన్సిల్‌తో గీత గీసి పక్కన రాశారు: "ఇక్కడ ఆవిడ జవాబు మీరే చెప్పేశారు. ఆవిడ ఏం చెప్పబోయారో మనకు తెలియదు."

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆ కాగితం ముట్టుకోలేదు. తర్వాత రికార్డింగ్ మళ్ళీ విన్నాను. ఆవిడ "తిప్పనండీ" అన్నదానికీ నా మాటకూ మధ్య ఊపిరి తీసుకునేంత ఖాళీ కూడా లేదు.

ఆవిడ రెండోసారి కలవడానికి ఒప్పుకున్నారు. ఈసారి "రాత్రిళ్ళు తిప్పనన్నారు, దాని గురించి చెప్తారా" అని అడిగి ఊరుకున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి అన్నారు: "తిప్పినప్పుడల్లా మూలుగుతారండీ. పగలంతా నొప్పి పడీ పడీ ఏ పదకొండింటికో కళ్ళు మూస్తారు. ఆ మనిషిని లేపి మళ్ళీ ఏడిపించడానికి నాకు చేతులు రావు."

ఎందుకు తిప్పాలో, తిప్పకపోతే ఏమవుతుందో ఆవిడకు అన్నీ తెలుసు. తెలిసే మానేశారు. పుండు ఎప్పుడో రాబోయేది, మూలుగు ఇప్పుడు చెవిన పడుతున్నది. మేం వార్డులో ఇచ్చే కాగితంలో తిప్పడం గురించి ఉంది, బొమ్మలు కూడా ఉన్నాయి. తిప్పడానికి ఎంత ముందు నొప్పి మాత్ర వేయాలో ఒక్క ముక్క లేదు. ఆ కాగితం తయారుచేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇక్కడిదాకా చదివితే ఆ ప్రొఫెసర్ గారి మాటే నిజమనిపిస్తుంది. ఆవిడ నోటికి అడ్డం పడింది నా అనుభవమే కదా. కానీ ఒక సంగతి చూడండి. నేను ఆ ఇంటికి తెల్లకాగితంలా వెళ్ళాలనే వెళ్ళాను. మెథడాలజీ క్లాసులో మాకూ అదే చెప్పారు, నేను అదే పాటిస్తున్నాననుకున్నాను. పక్కన పెట్టేశాననుకున్న అనుభవం నాకంటే ముందు మాట్లాడేసింది. "రాత్రిళ్ళు తిప్పకపోవడానికి అలసటే కారణమని నా అభిప్రాయం" అని ముందే రాసుకుని ఉంటే, ఆవిడ నోట ఆ విషయం రాగానే నేను జాగ్రత్తపడి నోరు మూసుకునేదాన్ని. మరచిపోయానన్న ధీమా వల్లే ఆ కాపలా లేకుండా పోయింది.

అనుభవం తప్పిన చోట్లు

అవతలి వాదానికి మా వృత్తి చరిత్రలోనే గట్టి సాక్ష్యాలున్నాయి. ఎర్రబడిన చోట మర్దన చేస్తే రక్తం బాగా ఆడి పుండు పడదని తరాల తరబడి నర్సులు నమ్మారు, రోజూ చేశారు. లోపల అప్పటికే దెబ్బతిన్న కణజాలం ఇంకా నలుగుతుంది కాబట్టి అలా రుద్దవద్దని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. పుండు మీద కోడిగుడ్డు తెల్లసొన పూసి ఆక్సిజన్ పట్టించిన వార్డులు కూడా ఉండేవి. అలా చేసినవాళ్ళు అశ్రద్ధ మనుషులు కాదు. తమ చేతుల మీదుగా కొందరికి తగ్గడం చూశారు. తగ్గనివాళ్ళు లెక్కలోకి రాలేదు.

ఆ నమ్మకాలను కదిలించినవాళ్ళలో ఒక నర్సు ఉంది. బ్రిటన్‌లో డోరీన్ నార్టన్, మరో ఇద్దరితో కలిసి, ఆసుపత్రుల్లో వృద్ధుల నర్సింగ్ సమస్యల మీద చేసిన పరిశోధన 1962లో వెలువడింది. చర్మానికి ఏం పూస్తున్నామన్నదానికంటే దాని మీద ఒత్తిడి తీసేయడమే ముఖ్యమని ఆ పని చూపించింది. ఎవరికి పుండు పడే ప్రమాదం ఎక్కువో ముందుగా అంచనా వేసే నార్టన్ స్కేల్ అందులోంచే వచ్చింది. వార్డులో నిలబడి చూసిన మనిషికి కాకపోతే ఆ ప్రశ్న ఎవరికి పుడుతుంది? అయితే ప్రశ్న పుట్టాక ఆమె తన అనుభవం దగ్గరే ఆగిపోలేదు. లెక్కపెట్టింది.

నాకు గట్టిగా తగిలింది మాత్రం 2013లో వచ్చిన మరో అధ్యయనం. అమెరికా, కెనడాల్లోని 27 నర్సింగ్ హోముల్లో 942 మందిని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపును రెండు గంటలకు, ఒకదాన్ని మూడు గంటలకు, ఇంకోదాన్ని నాలుగు గంటలకు ఒకసారి తిప్పారు. మూడు వారాలు చూస్తే బెడ్‌సోర్ల విషయంలో ఆ గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

పీహెచ్‌డీ నేను ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్‌గా చేశాను. అంటే లిటరేచర్ రివ్యూ కోసం, ముందు వచ్చిన పరిశోధనల్లో చాలా భాగం నైట్ డ్యూటీ దిగి, స్నానం చేసి, నిద్రకు ముందు చదివిందే. ఆ పేపరు కూడా అలాగే చదివాను. చదివాక నిద్ర పట్టలేదు. పదకొండేళ్ళలో రాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు నేను నిద్ర లేపిన మనుషులు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. కొందరు ఆ వారమే పోయినవాళ్ళు.

రెండు రోజుల తర్వాత మళ్ళీ తీసి, ఈసారి అధ్యయనం ఎలా చేశారో చెప్పే మెథడ్స్ భాగం నెమ్మదిగా చదివాను. అందులో ఉన్నవాళ్ళంతా హై డెన్సిటీ ఫోమ్ పరుపుల మీద ఉన్నారు. తిప్పే సిబ్బందికి శిక్షణ ఉంది, తిప్పినప్పుడల్లా చర్మం ఎలా ఉందో చూసి రాశారు. నేను వెళ్ళే ఇళ్ళల్లో పరుపు సరిగ్గా నడుము దగ్గరే గుంట పడి ఉంటుంది. ఆ నాలుగు గంటల లెక్కను పట్టుకెళ్ళి ఆ పరుపు మీదున్న మనిషికి అంటగడితే ప్రమాదం. పరుపు గురించిన ఆ చిన్న వాక్యం దగ్గర నా కన్ను ఆగిందంటే, గుంట పడిన పరుపుల మీంచి మనుషులను పైకి లాగిన చేతులు నావి కాబట్టి. ఆ పేపరు నా అనుభవాన్ని తప్పుపట్టింది. ఆ పేపరును ఎక్కడిదాకా నమ్మాలో చెప్పింది కూడా ఆ అనుభవమే.

దిండు జరపడం

నా వాదనకు ఎదురు తిరిగే సంఘటన ఒకటుంది. దాన్ని దాచను.

మా బృందంలో స్టాటిస్టిక్స్ చదివి వచ్చిన ఒక కుర్రాడున్నాడు. ఆసుపత్రిలో ఎప్పుడూ పనిచేయలేదు. కొన్ని ఇళ్ళకు నాతోపాటు వచ్చాడు. మొదటి ఇంట్లోనే, నేను "రోజుకు ఎన్నిసార్లు తిప్పుతారు?" అని అడిగి జవాబు రాసుకుంటుంటే, అతను "తిప్పడమంటే ఎలాగండీ, ఒకసారి చూపిస్తారా?" అన్నాడు. ఆ ఇంటి కూతురు లేచి, తండ్రి భుజం కింద దిండు కొద్దిగా జరిపింది. అంతే. తల ఒక పక్కకు వాలింది. నడుము ఉన్నచోటే ఉంది.

అంతకుముందు ఏడు ఇళ్ళల్లో "ఆరుసార్లు", "ఎనిమిదిసార్లు" అని రాసుకొచ్చాను. ఆ అంకెలు దేన్ని లెక్కపెట్టాయో ఇప్పటికీ చెప్పలేను. ఆ ప్రశ్న నా నోటికి వచ్చేదే కాదు. తిప్పడమంటే ఏమిటో నాకు మరీ బాగా తెలుసు.

ఏమీ తెలియని కన్నుకు అంత విలువ ఉంది. ఆ మేరకు ప్రొఫెసర్ గారి మాట ఒప్పుకుంటాను. కానీ ఆ ఇంట్లోనే ఇంకోటి జరిగింది. తండ్రి పిక్కల కింద ఒక పాత దుప్పటి మడిచి పెట్టి ఉంది. ఆ కుర్రాడికి అది ఎవరో తీయడం మరచిన దుప్పటి. దానివల్ల ఆయన మడమలు పరుపుకు తగలకుండా పైకి ఉన్నాయి. మడమల దగ్గర పుండు పడకుండా మేం వార్డులో చేసే పనే అది. ఎవరూ చెప్పకుండా ఆ అమ్మాయి తనంతట తాను కనిపెట్టింది. "మడమ ఎర్రబడితే ఇలా పెట్టి చూశానండీ, తగ్గింది" అంది. నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం ఇలాంటి ఇంటి ఉపాయాల మీదే నడిచింది. దాని మొదలు ఆ దుప్పటి.

అతను లేకపోతే దిండు సంగతి, నేను లేకపోతే దుప్పటి సంగతి తెలిసేవి కావు. పీహెచ్‌డీ ఒంటరి పని అంటారు, డిగ్రీ ఒక్కరి పేరునే వస్తుంది కాబట్టి అలాగే సాగుతుంది కూడా. అయినా నర్సులు, థెరపిస్టులు కనీసం మొదటి మూడు నాలుగు ఇంటర్వ్యూలకైనా ఈ రంగం తెలియని మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. ఆ సాయం అడగడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

నేను మరచినా వాళ్ళు మరచిపోరు

మరచిపోవడం ఎందుకు కుదరదో చెప్పడానికి ఇంకో కారణం ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నా మనసులోంచి నేను నర్సునన్న సంగతి తుడిచేసుకున్నా, ఎదుటి మనిషి మనసులోంచి అది పోదు.

నా పరిశోధనలో కొంత భాగం నేను పనిచేసే వార్డులోనే జరిగింది. ఎథిక్స్ కమిటీ ఒక షరతు మీద అనుమతి ఇచ్చింది. నా చేతికింద ఉన్న పేషెంట్లను నేను అడగకూడదు. వాళ్ళ చికిత్సతో సంబంధం లేని మనిషి సమాచార పత్రం ఇచ్చి, ఆలోచించుకోవడానికి కనీసం ఒక రోజు వదిలి, తర్వాతే సమ్మతి తీసుకోవాలి. నాకు అవమానంగా అనిపించింది. నా పేషెంట్లను నేను బలవంతపెడతానా అని గైడ్ దగ్గర బాధపడ్డాను.

కొన్ని నెలల తర్వాత ఒక పెద్దాయనకు మా రీసెర్చ్ అసిస్టెంట్ ఆ కాగితం ఇచ్చింది. ఆయన వద్దన్నారు. నాలుగు రోజులకు డ్రెస్సింగ్ మారుస్తుంటే ఆయనే ఆ మాట ఎత్తారు. "ఆ కాగితం నీ చదువుకోసమట కదా తల్లీ. నువ్వే తెచ్చుంటే చదవకుండా సంతకం పెట్టేవాణ్ణి. రోజూ పుండు కడిగేదానివి, నిన్ను కాదనగలనా? ఆ పిల్ల తెచ్చింది కాబట్టి నాకిష్టం లేదని చెప్పగలిగాను."

"మంచిపని చేశారు తాతగారూ" అన్నాను. గాజుగుడ్డ అంటిస్తున్న చేతులు కొంచెం వణికాయి. ఇష్టం లేని మనిషి చేత, ఒక్క ఒత్తిడి మాట కూడా అనకుండా, నేను సంతకం పెట్టించి ఉండేదాన్ని. పైగా ఆయన ఇష్టంగానే ఒప్పుకున్నారని నమ్మేదాన్ని.

అమెరికాలో 1932 నుంచి 1972 దాకా సాగిన టస్కీగీ అధ్యయనం (చికిత్స చేయకుండా వదిలేస్తే సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఎలా ముదురుతుందో చూసినది) గురించి ఈ చదువులో ఉన్నవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. 600 మంది నల్లజాతి పురుషులు, అందులో 399 మందికి వ్యాధి, పెన్సిలిన్ అందరికీ ఇచ్చే మందయ్యాక కూడా వాళ్ళకు ఇవ్వకపోవడం, ఆ దారుణం బయటపడ్డాక 1979లో పరిశోధనల్లో పాల్గొనే మనుషుల రక్షణకు నైతిక సూత్రాలు చెప్పిన బెల్మాంట్ నివేదిక. క్లాసులో దీన్ని డాక్టర్ల కథగా, ప్రభుత్వం కథగా చెబుతారు. నర్సుగా చదివినప్పుడు నాకు ఆ కథలో యూనిస్ రివర్స్ కనిపించింది. డాక్టర్లు వచ్చారు, పోయారు. ఏళ్ళ తరబడి వాళ్ళ మధ్య ఉన్నది ఆ నర్సే. ఆమె కూడా నల్లజాతి మనిషే. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళేది, పరీక్షలకు కారులో తీసుకెళ్ళేది, కుటుంబాల కష్టసుఖాలు వినేది. వాళ్ళు ఆమెను నమ్మారు. ఆ అధ్యయనం అన్నేళ్ళు నిలబడటంలో ఆ నమ్మకానిది పెద్ద పాత్ర. ఆమె తప్పెంత, నిస్సహాయత ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నేను తీర్పు చెప్పలేను. కానీ సమ్మతి పత్రం చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆమె గుర్తొస్తుంది.

"తెల్లకాగితంలా వెళ్ళండి" అన్న సలహాలో ఇదంతా కనబడకుండా పోతుంది. నేను వట్టి పరిశోధకురాలినేనని నాకు నేను చెప్పుకుంటే, నా యూనిఫాం ఎదుటివాళ్ళ చేత ఏం చేయిస్తోందో చూడటం మానేస్తాను.

రాసి పెట్టడమంటే

తన అనుభవాన్ని, నమ్మకాలను ముందే ఇలా రాసి పెట్టే పనిని కొన్ని విభాగాల్లో తేలిగ్గా చూస్తారు, శాస్త్రం కాదంటారు. వాళ్ళు గౌరవించే క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే చికిత్సలను మనుషుల మీద పరీక్షించే అధ్యయనాల్లో మాత్రం, ప్రొటోకాల్‌ను (చేయబోయే పని ప్రణాళికను) ముందే రిజిస్టర్ చేయిస్తారు, ఏ ఫలితాన్ని ఎలా లెక్కగడతారో డేటా చూడకముందే రాసి పెడతారు, ఎవరికి ఏ మందు పడిందో కొలిచేవాళ్ళకు తెలియకుండా దాస్తారు. నిజాయితీపరుల కళ్ళు కూడా తమకు కావలసిందే చూస్తాయని తెలుసు కాబట్టే అవన్నీ. ఇంటర్వ్యూలు చేసే మనిషి తన నమ్మకాలను ముందే తేదీ వేసి రాయడం కూడా ఆ జాగ్రత్తే.

ఇందులో ఒక చిక్కుంది. థీసిస్‌లో ముప్పై పేజీలు తమ గురించే రాసుకున్నవాళ్ళను చూశాను. చదువుతుంటే పేషెంటు ఎక్కడో వెనక్కి పోతాడు. దీన్ని తప్పుపట్టేవాళ్ళ మాటలో ఆ మేరకు న్యాయం ఉంది. అసలు థీసిస్‌లో రెండు మూడు పేజీలు చాలు, మిగతాది అనుబంధంలో పెట్టవచ్చు.

సిసిలీ సాండర్స్ మొదట నర్సు. తర్వాత ఆసుపత్రి సోషల్ వర్కర్. మరణానికి దగ్గరైనవాళ్ళ నొప్పి గురించి ఏదైనా చేయాలని వైద్యం చదివి, 1957లో డాక్టరయ్యారు. ఆమె దగ్గర అప్పటికే ఎంతో అనుభవం ఉంది, అదే చాలనుకోవచ్చు. ఆమె అలా అనుకోలేదు. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ మాటలు టేపు మీద రికార్డు చేశారు, ఒక్కొక్కరి వివరాలు పద్ధతిగా నమోదు చేస్తూ పోయారు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే వేళకు మందు ఇవ్వాలన్న వాదాన్ని ఆ రికార్డులతోనే నిలబెట్టారు. మరణానికి దగ్గరైనవాళ్ళను చూసుకోవడానికి ఆమె స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ లండన్‌లో 1967లో మొదలైంది. రాత్రి భర్తను తిప్పలేకపోయిన ఆవిడ గురించి రాస్తున్నప్పుడు నాకు ఆసరా అయింది సాండర్స్ పనే.

నా వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగిన మొదటి ప్రశ్న: "మీరు నర్సు కాకపోయి ఉంటే ఈ థీసిస్‌లో ఏం మారేది?" అనుబంధం తీసి, గైడ్ పెన్సిల్ గీత గీసిన పేజీ చూపించాను. ఆ తర్వాత నా చేత్తో కొట్టేసిన "అవగాహన లోపం" ఉన్న పాత ప్రపోజల్ చూపించాను. అరగంట దాని మీదే మాట్లాడుకున్నాం. చాలా టెన్షన్‌తో లోపలికి వెళ్ళినదాన్ని, ఆ అరగంటలో అది ఎప్పుడు పోయిందో గమనించలేదు.

సమావేశం అయ్యాక, మెట్ల దగ్గర, ఆ సంరక్షణ కేంద్రం ఆవిడను ఆపి ఇందులో కొంత చెప్పాను. ఏమీ చదవడం మొదలుపెట్టకముందే, తన పరిశోధనలో ఏం తేలుతుందని అనుకుంటున్నారో, ఎందుకనుకుంటున్నారో రాసి, తేదీ వేసి గైడ్‌కు ఇవ్వమన్నాను. పోయిన వారం మెసేజ్ పెట్టారు. పదకొండు పేజీలు అయ్యాయట. "ఇద్దరి గురించి రాస్తూ రాస్తూ ఆగిపోయానండీ. వాళ్ళకు నేను చేసింది సరైనది కాదేమోనని మొదటిసారి అనిపిస్తోంది. ఇది కూడా గైడ్‌కు చూపించాలా?"

వాళ్ళ పేర్లు తీసేసి, చూపించమన్నాను.